ఓట్మార్ ఐజెలెకి కుళ్ళిన పండ్లు కావాలి

మా ఓట్మార్ ఐజెలె ఎవరింటికి వెళ్ళినా మనిషి మొహం తర్వాత చూస్తాడు, ముందు పండ్ల బుట్ట చూస్తాడు. కులాసానా అని అడగడు. "పాడైన పండ్లేమైనా ఉన్నాయా?" అని అడుగుతాడు. లేవంటే చిన్నబుచ్చుకుంటాడు. ఉన్నాయంటే లోపలికొచ్చి, ఒక్కొక్కటీ వాసన చూసి, మచ్చ ఎక్కడ మొదలైందో వేలితో నొక్కి చూసి, సంచిలో వేసుకుని పోతాడు. కిటికీ అద్దం మీద వేలిముద్ర కనిపిస్తే పక్కింటివాళ్ళు పలకరించడం మానేసే ఊరు మా స్టుట్‌గార్ట్. అలాంటి ఊళ్ళో కుళ్ళిన పండు కోసం తలుపులు తట్టిన మనిషి నాకు తెలిసి ఈయనొక్కడే.

ఆయన్ని నేను నిన్నా మొన్నా ఎరిగినవాణ్ణి కాను. రిటైరవక ముందు నేను ట్రామ్ డ్రైవర్ని, ఆయన అవే ట్రాముల్లో టికెట్లు చూసే ఇన్‌స్పెక్టరు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఒక్కరికి జరిమానా వేసిన పాపాన పోలేదు. ఒకసారి నా ట్రాములోనే సూటు వేసుకున్న పెద్దమనిషి ఒకాయన టికెట్ లేకుండా దొరికాడు.

"టికెట్ ఏదండీ?"

"పర్సు ఇంట్లో మర్చిపోయానండీ."

"ఇల్లంటే గుర్తొచ్చింది. మీ ఇంట్లో పాడైన పండ్లేమైనా ఉన్నాయా?"

ఆ పెద్దమనిషి మర్నాడు పనిగట్టుకుని డిపోకి వచ్చి, నల్లబడిన అరటిపండ్లు ఐజెలె చేతిలో పెట్టి వెళ్ళాడు. ఇది లంచం కిందికి వస్తుందా రాదా అని మా పై అధికారి చాలాసేపు ఆలోచించాడు. చివరికి వాసన భరించలేక ఆలోచన మానేశాడు.

సంతలో కూరగాయలమ్మే జెవ్డెట్‌తో ఆయన బేరం చూడాలి. లోకంలో అందరూ ఇవి వాడిపోయాయి, ధర తగ్గించు అంటారు. ఐజెలె వెళ్ళి, "ఇవి మరీ తాజాగా ఉన్నాయే, వీటికంటే అధ్వాన్నమైనవి లేవా?" అనేవాడు.

"నా కొట్లో అధ్వాన్నమైనవి ఉండవు సార్," అనేవాడు జెవ్డెట్ పౌరుషంగా.

"కాస్త వెతికి చూడు. అడుగున ఏదో ఒకటి నలిగి ఉంటుంది."

"సార్, పక్కన ఆడవాళ్ళు వింటున్నారు. మీకు దండం పెడతాను, మంచి పండ్లే ఊరికే ఇస్తాను, తీసుకుని వెళ్ళిపోండి."

"మంచివి నేనేం చేసుకోను?" అని ఐజెలె ఉసూరుమంటూ వచ్చేసేవాడు.

ఈ గోలంతా ఊసరవెల్లి పిల్లల కోసం. మనుషుల్ని తిట్టడానికి మనం వాడే ఆ మాట ఐజెలె నోట్లో ముద్దుపేరు. ఆయన పెళ్ళి చేసుకోలేదు. ఎందుకని అడిగితే, "ఈగలున్న ఇంటికి పిల్లనెవరిస్తారు?" అంటాడు. మా మేడ మూడో అంతస్తులో నా ఎదురిల్లే ఆయనది. ముందు గదిలో ఆయన పడుకుంటాడు. పెద్ద గదిలో దీపాల కింద, ఆకుల మధ్య, తలా ఒక డబ్బాలో పిల్లలుంటాయి. ఏటా తల్లి ఇసుకలో గుడ్లు పెట్టడం, ఈయన వాటిని తీసి వెచ్చటి పెట్టెలో నెలల తరబడి దాచడం, ఒక మంచిరోజున అవి గుంపుగా పగిలి పిల్లలు బయటికి రావడం. పుట్టగానే ఒక్కోటి వేలి చివర పట్టేస్తుంది. అంత పిల్లకి అంతకంటే చిన్న తిండి కావాలి, ఆ తిండి ప్రాణంతో కదులుతూ ఉండాలి. అందుకని ఐజెలె సీసాల్లో చిట్టి ఈగల్ని పెంచేవాడు. ఎగరడం చేతకాని జాతి. వాటికి నడకే గతి. కుళ్ళిన పండ్లన్నీ ఆ ఈగలకి మేత అని మా అందరి లెక్క.

ఈగల్ని పెంచేవాడి ఇంటి కింద అంతస్తులో దేవుడు ఎవర్ని పెడతాడు? బోస్లరమ్మని పెట్టాడు. ఆవిడ పేరు హెర్మీనె బోస్లర్. మా దగ్గర మేడ మెట్లు కడగడం వారానికి ఒకరి వంతు. వంతు ఎవరిదో వాళ్ళ తలుపుకి ఒక పలక వేలాడుతుంది. పలక ఎవరి తలుపుకి వేలాడినా, వాళ్ళు కడిగాక బోస్లరమ్మ వచ్చి తెల్ల చేతిరుమాలుతో మెట్టు తుడిచి చూసుకుంటుంది. చూసి ఏమీ అనదు. మళ్ళీ తనే కడుగుతుంది. దానికంటే ఆవిడ నాలుగు తిట్టినా బాగుండేది.

ఆవిడకి ఇంకో గర్వం కూడా ఉంది, పళ్ళు. "ఈ వయసొచ్చింది, ఒక్క పన్ను కట్టించుకోలేదు. వాల్‌నట్లు ఇప్పటికీ కొరికి పగలగొడతాను," అని కనిపించిన ప్రతివాళ్ళకీ చెప్పేది. పళ్ళ డాక్టరు గది మా మేడ కిందే. ఆయన ఎదురుపడితే మరీ గట్టిగా చెప్పేది.

ఐజెలె వారంలో ఎక్కువసార్లు తట్టే తలుపు కూడా ఆవిడదే. "పాడైన పండ్లేమైనా ఉన్నాయా, బోస్లర్ గారూ?" అనగానే ఆవిడ, "నా ఇంట్లో పాడవడమా?" అంటూనే రెండు మెత్తబడ్డ యాపిల్స్ తెచ్చి, ఎవరూ చూడకుండా ఆయన సంచిలో వేసేది.

ఆ వసంతంలో ఐజెలెకి హెర్నియా ఆపరేషన్ వచ్చి పడింది. సరిగ్గా అప్పుడే గుడ్లు పగిలి పిల్లలు బయటికొచ్చాయి. వెళ్ళేముందు నన్ను పిలిచి పాఠం మొదలెట్టాడు.

"చేతులు నెమ్మదిగా కదుపు, లుట్స్. నువ్వు ట్రామ్ బ్రేకు వేసినట్టు కదిపితే పిల్లలు నల్లబడతాయి."

"నల్లబడితే?"

"అలిగాయన్నమాట. ఆ పూట తినవు."

"అన్నిట్నీ ఒకే పెట్టెలో వేస్తే పనైపోదా?"

"ఒకదాన్నొకటి చూసుకున్నాయంటే తిండి మానేస్తాయి."

"మన మేడవాళ్ళ సమావేశం లాంటిదన్నమాట."

"నవ్వకు. నీళ్ళు గిన్నెలో పెట్టకు, తాగవు. ఆకుల మీద చిమ్మితే బొట్లు నాక్కుంటాయి. ఈగల్ని సంచిలో వేసి కాల్షియం పొడి చల్లి కుదుపు. ఎముకలు గట్టిపడాలి కదా."

చేపముక్కల్ని పిండిలో పొర్లించడం మా ఆవిడ గెర్లిండె దగ్గర చూశాను గానీ ఈగల్ని పొర్లిస్తానని అనుకోలేదు. తెల్లగా పొడి పట్టిన ఈగల్ని డబ్బాలో వదిలితే అవి సున్నం వేసే కూలీల్లా కొమ్మలెక్కేవి. పిల్ల ఒక కన్ను ఈగ మీద, ఇంకో కన్ను నా మీద ఉంచి, ఊగుతూ ఊగుతూ ఒక అడుగు ముందుకేసి, అరగంట ఆలోచించి, నాలుక విసిరేది. రెండో పూటే ఒక ఈగ నా కళ్ళద్దాల మీదికెక్కింది. టప్పున కంటి మీద ఏదో తగిలింది. చూస్తే ఈగ లేదు, అద్దం మీద తడి ఉంది. ఆ పిల్ల ఏమీ ఎరగనట్టు వేరే వైపు చూస్తోంది.

"ఎలా ఉంది ఉద్యోగం?" అంది గెర్లిండె, కళ్ళద్దాలు తుడుచుకుంటున్న నన్ను చూసి.

"ప్రయాణికులే నయం," అన్నాను.

మూడో పూటకి ఈగలకి తిండి వెయ్యాల్సి వచ్చింది. అప్పుడు చూశాను, ఆ ఇంట్లో ఎక్కడా కుళ్ళిన పండన్నది లేదు. ఈగల సీసాల్లో ఉన్నది ఓట్స్ జావ. వెనిగర్ నాలుగు చుక్కలు, ఈస్ట్ చిటికెడు వెయ్యాలని మూతకి చీటీ కూడా అంటించి ఉంది. పక్కనే ఓట్స్ బస్తా. నాకు తల తిరిగిపోయింది. అరటిపండు నల్లబడితే ఐజెలెకి ఇద్దాం అని కళ్ళముందు పెట్టుకుని, తినకుండా కాచుకున్న రోజులన్నీ గుర్తొచ్చాయి. తిన్నగా ఆసుపత్రికి వెళ్ళాను. నేను వెళ్ళేసరికి ఆయన మంచం మీద ఒరిగి, పక్క మంచం రోగిని, "పాడైన పండ్లేమైనా ఉన్నాయా?" అని అడుగుతున్నాడు.

"ఈగలు జావ తాగుతున్నాయి," అన్నాను.

"బాగా తాగుతున్నాయా?"

"మరి పండ్లెందుకయ్యా?"

ఐజెలె దుప్పటి సర్దుకున్నాడు. "మొదట్లో పండ్లే వేసేవాణ్ణి. కంపుకి తట్టుకోలేక జావకి మార్చేశాను."

"ఎప్పుడు?"

"ట్రాముల్లో ఉన్నప్పుడే."

"అంటే ఇన్నేళ్ళూ మా ఇళ్ళ చుట్టూ తిరిగి పట్టుకుపోయిన పండ్లు?"

"బాగున్న మేర కోసి వండుకుంటాను. మిగతాది చెత్తబుట్టలో వేస్తాను."

"ఆ మాత్రానికి అడుక్కోవడం దేనికి?"

"ఎలా ఉన్నారని అడిగితే అందరూ బాగున్నామనే అంటారు, లుట్స్. పండ్ల బుట్ట అలా అనదు. కొన్నవి కొన్నట్టే కుళ్ళుతున్నాయంటే ఆ ఇంట్లో ఎవరో సరిగ్గా తినడం లేదు. నువ్వు రిటైరైన కొత్తలో మీ ఇంట్లో పియర్స్ నాలుగు వారాలు వరసగా కుళ్ళాయి. గెర్లిండె గారు నీకోసమే కొనేది కదా అవి?"

నిజమే. ఆ రోజుల్లో పొద్దున లేచి ఏం చెయ్యాలో తెలిసేది కాదు, ఏదీ తినబుద్ధయ్యేది కాదు. అప్పుడే ఈయన రోజూ పేకముక్కలు పట్టుకుని దిగేవాడు. పాపం ఈయనకి పనీపాటా లేదని నేను జాలిపడి ఆడేవాణ్ణి. మంచం పక్కన కూర్చున్న నాకు మొదట కోపమొచ్చింది, తర్వాత కళ్ళద్దాలు తీసి తుడుచుకోవాల్సి వచ్చింది. అంతలో నర్సు ఇంజెక్షన్‌తో వచ్చి నా పరువు కాపాడింది.

"బోస్లరమ్మ సంగతేమిటి మరి? ఆవిడకేం, గుండ్రాయిలా ఉంది," అన్నాను.

ఐజెలె గొంతు తగ్గించాడు. "ఆవిడ బుట్టలో అరటిపండ్లు అయిపోతాయి, యాపిల్స్ కుళ్ళుతాయి. ద్రాక్ష అయిపోతుంది, గట్టి పియర్స్ కుళ్ళుతాయి. దీన్నిబట్టి నీకేం అర్థమైంది?"

"అరటిపండంటే ఇష్టమని."

"నమలలేకపోతోంది. ఎప్పట్నించో పెట్టుడు పళ్ళే, లుట్స్. అవిప్పుడు నడిమికి చీలాయి. జిగురుతో అంటించుకుంటుంటే తలుపు సందులోంచి చూశాను. డాక్టరు దగ్గరికి పోతే మేడంతా చూస్తుంది కదా. రొట్టె కాఫీలో నానేసుకుని బతుకుతోంది."

"పెదాలు బిగించి మాట్లాడుతుంటే కోపమనుకున్నాను."

"అందరూ అలాగే అనుకున్నారు. తేడా తెలియదుగా. అందుకని ఆవిడ యాపిల్సే తెచ్చి, మచ్చలు కోసేసి, దాల్చినచెక్క వేసి ఉడకబెట్టి, గుజ్జు చేసి పట్టుకెళ్తాను. ఈగలకి చేశానండీ, ముట్టలేదు, పారెయ్యడానికి మనసొప్పడం లేదు అంటాను. పారెయ్యడమంటే ఆవిడకీ ప్రాణం పోతుంది. తీసుకుంటుంది."

"ఈగలు వద్దన్నది తింటోందా బోస్లరమ్మ?"

"తిని, తీపి చాలలేదని చెప్పి పంపిస్తుంది. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు. ఒట్టెయ్యి."

వేశాను.

ఐజెలె ఇంటికొచ్చిన వారమే ప్రమాదం జరిగింది. బాగా ఈగలు పట్టిన సీసా ఒకటి బాయిలర్ గదిలో వెచ్చగా ఉంచాడు. దాన్ని పైకి తెస్తున్నాడు. బోస్లరమ్మ అప్పుడే మెట్లు రెండోసారి కడిగి వెళ్ళింది. కుట్లు వేసిన పొట్ట, తడి మెట్టు. మనిషి నిలదొక్కుకున్నాడు, సీసా నిలదొక్కుకోలేదు. ఎగరలేని ఈగలు వందలకొద్దీ మెట్లెక్కడం మొదలుపెట్టాయి.

ఆ తర్వాత జరిగింది మా ఊళ్ళో తప్ప ఇంకెక్కడా జరగదు. ఈగలు కనిపించగానే బోస్లరమ్మ మెట్లని వెనిగర్‌తో కడిగింది. లోకంలో ఆ ఈగలకి వెనిగర్‌ని మించిన ఇష్టం లేదు. మూల మూలల్లో నక్కినవన్నీ విందుకి వచ్చినట్టు వచ్చాయి. ఆవిడ మర్నాడు రెట్టింపు వెనిగర్ పోసింది. కింది అంతస్తు ఈగలు కూడా బయల్దేరాయి. మేడలో మిగతావాళ్ళు కూడా సిగ్గుపడి, ఆవిడకి తోడుగా తలా ఒక సీసా వెనిగర్ పోశారు. "ఇంటికొస్తుంటే సలాడ్ గిన్నెలో దిగుతున్నట్టుంది," అంది గెర్లిండె. ఎంత కడిగితే అన్ని ఈగలు. ఇంకెవరైనా అయితే రెండోరోజుకి విసిగి కడగడం మానేసేవాళ్ళు, ఈగలు వాటంతటవే పోయేవి. మావాళ్ళకి మానేయడం చేతకాదు.

"వెనిగర్ వద్దని ఒక్క మాట చెప్పవయ్యా," అన్నాను ఐజెలెతో.

"ఎందుకు వద్దని అడుగుతుంది. జావలో వేసేది అదే అని చెప్పాలి. అయితే పండ్లేం చేస్తున్నావంటుంది. అప్పుడేం చెప్పను?"

సంగతి మేడవాళ్ళ సమావేశం దాకా వెళ్ళింది. వీధి చివరి హోటలు వెనక గదిలో జరిగింది. నిర్వహించే డూర్ గారికి ఎప్పుడెప్పుడు ఇంటికి పోదామా అన్న ఆత్రం తప్ప ఇంకేమీ లేదు. అందరం పప్పు, నూడిల్స్, సాసేజ్ తెప్పించుకున్నాం. బోస్లరమ్మ సూప్ ఒక్కటే తెప్పించుకుంది. పైకప్పు మరమ్మతు, సైకిళ్ళ గొడవ అయ్యాక ఆవిడ తీర్మానం చదివారు. మూడో అంతస్తులో ఉన్న ఊసరవెల్లుల్నీ వాటి ఈగల్నీ నెలాఖరులోగా మేడలోంచి పంపించెయ్యాలి.

ఐజెలె మొహంలో నెత్తురు చుక్క లేదు. "పెద్దవాటిని ఎక్కడికైనా పంపుతాను. పిల్లల్ని మాత్రం ఇంకొన్నాళ్ళు ఉండనివ్వండి," అన్నాడు. "ఈ వయసులో చోటు మారిస్తే తిండి మానేస్తాయి. మానేస్తే బతకవు."

"మా మెట్లు కూడా బతకాలిగా," అంది బోస్లరమ్మ పెదాలు బిగించి. "అసలు ఈ పురుగులన్నీ ఎందుకొచ్చాయి? ఈయన ఇల్లిల్లూ తిరిగి కుళ్ళిన పండ్లు పోగుచేసి మేడలోకి తెస్తున్నాడు గనక. నేను అడిగేదొక్కటే. మా యాపిల్స్ పట్టుకెళ్ళి ఈయన ఏం చేస్తున్నాడు?"

ఐజెలె పళ్ళెంలోకి తల వంచి నూడిల్స్ కెలకడం మొదలుపెట్టాడు. తన గొయ్యి ఆవిడే తవ్వుకుంటోంది, పార అందించాల్సింది ఈయన. ఈయన అందించడు. నాకు సాసేజ్ గొంతులో అడ్డం పడింది. ఒట్టు ఆవిడ పళ్ళ గురించి గానీ ఈగల గురించి కాదు కదా అని నాకు నేనే తీర్పు చెప్పుకుని లేచాను.

"ఆ ఈగలు పండ్లు తినవండీ. ఓట్స్ జావ తాగుతాయి, వెనిగర్ వేసింది. వాటికి మనమే మెట్లమీద విస్తరి వేస్తున్నాం," అన్నాను.

డూర్ గారు ఫోర్కు కింద పెట్టారు. బోస్లరమ్మ నా వైపు కాదు, ఐజెలె వైపు తిరిగింది.

"ఈగలు తినకపోతే నా యాపిల్స్ ఎవరు తింటున్నారు?"

"నేనే తింటున్నాను," అన్నాడు ఐజెలె.

"కుళ్ళినవా?"

"నాకు కుళ్ళినవంటేనే ఇష్టం. చిన్నప్పట్నించీ."

పక్క బల్ల దగ్గరివాళ్ళు కూడా తినడం ఆపారు. డూర్ గారు కుర్చీ కాస్త దూరం జరుపుకున్నారు. ఐజెలె చెవులు ఎర్రగా కందిపోయాయి, అయినా మాట మార్చుకోలేదు. "మెత్తగా ఉంటాయి," అని ఇంకో మాట కూడా కలిపాడు.

బోస్లరమ్మ మెట్లు కడగడంలో మొండిది గానీ తెలివితక్కువది కాదు. సూప్ చెంచా గిన్నెలో అలాగే ఉంచేసి ఆయన్ని చూస్తూ కూర్చుంది. ఈగలు ముట్టలేదంటూ ఆయన తెచ్చిచ్చిన గుజ్జు గిన్నెలన్నీ ఆవిడ కళ్ళ ముందు వరసగా కడుతున్నాయని నాకు తెలుస్తూనే ఉంది. ఆవిడ మొహం తెల్లబడి, ఎర్రబడి, మళ్ళీ తెల్లబడింది. ఐజెలె డబ్బాల్లో పిల్లలు కూడా ఇన్ని రంగులు మార్చగా నేను చూడలేదు.

తర్వాత చేతిసంచిలోంచి మెట్లు తుడిచే ఆ తెల్ల రుమాలు తీసి బల్ల మీద పరిచింది. గోడవైపు తిరిగింది. ఇటు తిరిగేసరికి రుమాలు మీద రెండు ముక్కలైన పళ్ళసెట్టు ఉంది.

"నా యాపిల్స్ నేనే తింటున్నాను," అంది బోస్లరమ్మ. మాటకంటే గాలే ఎక్కువ వచ్చింది గానీ ప్రతి అక్షరం అర్థమైంది. "ఈయన ఉడకబెట్టి తెస్తున్నాడు. తీపి చాలలేదని నేను వంకలు కూడా పెట్టాను. డూర్ గారూ, ఆ తీర్మానం కొట్టెయ్యండి."

"కారణం ఏమని రాయమంటారు?" అన్నారు డూర్ గారు, పళ్ళవైపు చూడకుండా ఉండటానికి నానా తంటాలు పడుతూ.

"పళ్ళని రాయండి."

అలాగే రాశారు. ఐజెలె తన పళ్ళెంలో నూడిల్స్‌ని ఫోర్కుతో చిన్న చిన్న ముక్కలు చేసి, ఆవిడ ముందుకి జరిపాడు. ఆవిడ తినేసింది.

మర్నాడు బోస్లరమ్మ మేడంతా చూస్తుండగా పట్టపగలు పళ్ళ డాక్టరు తలుపు తోసుకుని వెళ్ళింది. మెట్లు సబ్బుతో కడిగింది. ఈగలకి విందు ముగిసింది. పిల్లలు పెరిగాక ఐజెలె వాటిని ఒక్కొక్కళ్ళకీ పంచే రోజులొచ్చాయి. ఒకదాన్ని బోస్లరమ్మ అడిగి తీసుకుంది, తన ఇంట్లో చోటు శుభ్రంగా ఉంటుందని.

మొన్న ఏదో పని మీద ఆవిడ ఇంటికి వెళ్ళాను. కిటికీ దగ్గర కుర్చీ వేసుకుని, కొత్త పళ్ళతో యాపిల్ కరకరా నములుతూ, ఇంకో చేత్తో పట్టకారుతో చిన్న మిడతని పట్టుకుని కూర్చుంది. పిల్ల నాలుక విసిరి మిడతని ఒక్క గుటకలో మింగేసింది. బోస్లరమ్మకి అది నచ్చలేదు.

"ఏమిటే ఆ తొందర? నమిలి తినవే తల్లీ," అని కసిరింది. "నీకు పళ్ళు లేవా?"